పురుగు చచ్చింది, మందు చావలేదు!

తెనాలి దాపున వడ్లమూడి చేలలో చల్లిన మందు పురుగుతోనే సరి అనుకుంటాం. కాని వానకు కొంత కాలువలోకి పోతుంది. కొంత నేలలో ఇంకి బావిని చేరవచ్చు. పోనీ, మందు విరిగిపోతుంది గదా అంటారా? విరిగినంతమాత్రాన విషం పోదు. డి.డి.టి. విరిగితే డి.డి.ఇ. అవుతుంది, అది మహా మొండిది. 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసిన ఎండోసల్ఫాన్ సల్ఫేటుగా మారి, తల్లిమందుకన్న ఎక్కువకాలం నిలుస్తుంది.

2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా మూర్ఛలతో, వాంతులతో ఆస్పత్రి పాలైనారు. పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చునని నిపుణులన్నారు.

నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయి గాని, ఈ విషాలు పోతాయన్న భరోసా లేదు. అందుచేత మందు డబ్బాలను కాలువలో కడగకండి. ఆ కాలువే దిగువ ఊరివారి మంచినీళ్ళ బిందె!