ఫోన్ దానంతట అదే మారిపోతోందా? ఏ అప్‌డేట్ ఆపొచ్చు, ఏది ఆపకూడదు?

2025 ఆగస్టులో మన దేశంలో చాలామంది ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నట్టుండి కాల్ స్క్రీన్ మారిపోయింది. రాత్రి చూసిన బటన్లు పొద్దునకల్లా లేవు. ఫోన్ ఎవరైనా హ్యాక్ చేశారేమోనని చాలామంది కంగారుపడ్డారు. హ్యాకింగ్ ఏమీ జరగలేదు. గూగుల్ తన ‘ఫోన్’ యాప్‌కు కొత్త రూపం ఇచ్చి, అప్‌డేట్‌గా పంపింది. ఫేవరెట్స్, రీసెంట్స్ రెండూ కలిసి ‘హోమ్’లోకి చేరాయి. కాంటాక్ట్స్ పక్క మెనూలోకి వెళ్లాయి. కాల్ ఎత్తే తీరూ మారింది.

మీకు ఇది రెండు రోజుల చికాకు కావచ్చు. కానీ కడపలో ఒంటరిగా ఉంటూ, కువైట్‌లో ఉన్న కొడుకు ఫోన్ కోసం ఎదురుచూసే తల్లి సంగతి వేరు. ఫోన్ మోగుతున్నా ఆమెకు ఎత్తడం తెలియదు. అందుకే అప్‌డేట్‌లు ఎలా వస్తాయి, వాటిలో మన చేతిలో ఉన్నది ఎంత అన్నది తెలుసుకోవాలి.

అడగకుండానే ఎలా వస్తున్నాయి?

ఫోన్‌లో అప్‌డేట్‌లు ప్రధానంగా మూడు రకాలు.

1. యాప్ అప్‌డేట్: వాట్సాప్, ఫోన్‌పే, డయలర్ లాంటి వాటికి ప్లే స్టోర్ నుంచి వచ్చేది. మీరు మార్చకపోతే ఇది ఆటోమేటిక్‌గానే జరుగుతుంది.

2. సిస్టమ్ అప్‌డేట్: ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ కొత్త వెర్షన్. ఇది చాలాసార్లు జీబీల్లో ఉంటుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వాడేవారికి ఆ రోజు డేటా మొత్తం దీనికే సరిపోతుంది.

3. సెక్యూరిటీ ప్యాచ్: ఫోన్‌లో బయటపడిన భద్రతా లోపాలను పూడ్చేది. దీనివల్ల పైకి కనిపించే మార్పు దాదాపు ఉండదు.

చిరాకు తెప్పించేవి ఎక్కువగా మొదటి రెండు. కాపాడేది మూడోది. అన్నింటినీ కలిపి ఆపేస్తే చిరాకుతో పాటు రక్షణ కూడా పోతుంది.

యాప్ అప్‌డేట్‌లను ఇలా ఆపండి

ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున్న మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్’, అందులో ‘ఆటో అప్‌డేట్ యాప్స్’ ఉంటుంది. అక్కడ ‘వైఫై ఉన్నప్పుడు మాత్రమే’ అన్నది ఎంచుకుంటే మొబైల్ డేటా మిగులుతుంది. పూర్తిగా ఆపేయాలంటే ‘డోంట్ ఆటో అప్‌డేట్ యాప్స్’ ఎంచుకోవాలి.

అన్నీ ఆపాల్సిన పని లేదు. ఒక్క యాప్‌నే ఆపాలంటే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, ‘ఎనేబుల్ ఆటో అప్‌డేట్’ దగ్గర టిక్ తీసేయండి. పెద్దవాళ్ల ఫోన్లలో డయలర్‌కు ఇలా చేసి పెడితే చాలు. బ్యాంకు, యూపీఐ యాప్‌లకు మాత్రం టిక్ అలాగే ఉంచండి.

ఇప్పటికే మారిపోయిన డయలర్‌ను వెనక్కి తేవాలా? సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ‘ఫోన్’ యాప్ తెరిచి, మూడు చుక్కల్లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కండి. ఫోన్‌తో పాటు వచ్చిన పాత రూపానికి అది తిరిగి వెళ్తుంది. ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లకే ఈ సదుపాయం ఉంటుంది, మీరు డౌన్‌లోడ్ చేసుకున్న వాటికి ఉండదు. కాల్ ఎత్తే తీరు ఒక్కటే ఇబ్బందిగా ఉంటే, గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్’ దగ్గర జరపడానికి బదులు ఒక్కసారి నొక్కితే ఎత్తేలా మార్చుకోవచ్చు.

శాంసంగ్, షావోమీ లాంటి కంపెనీలకు సొంత యాప్ స్టోర్లు కూడా ఉంటాయి. ప్లే స్టోర్‌లో ఆపినా అప్‌డేట్‌లు వస్తుంటే, అక్కడి సెట్టింగ్స్ కూడా చూడండి.

సిస్టమ్ అప్‌డేట్: తొందర వద్దు, మరీ ఆలస్యమూ వద్దు

సెట్టింగ్స్‌లో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ దగ్గర ‘ఆటో డౌన్‌లోడ్’ ఆపేయవచ్చు. కంపెనీని బట్టి పేరు కొంచెం మారుతుంది. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఆటోమేటిక్ అప్‌డేట్స్. డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఆపమని కొన్ని వీడియోలు చెబుతుంటాయి. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయడానికి మొరాయిస్తాయి. కాబట్టి ఆ దారి వద్దు.

ఒక విషయం గుర్తుంచుకోండి. యాప్‌లా సిస్టమ్‌ను తేలిగ్గా వెనక్కి తేలేం. పాత వెర్షన్ ఎక్కిస్తామని ఎవరైనా చెబితే, ఫోన్‌లోని ఫొటోలు, డేటా చెరిగిపోయే ప్రమాదం ఉందని తెలుసుకోండి. అందుకే పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు వారం, పది రోజులు ఆగి, మీ మోడల్ వాడేవారి అనుభవం చూసి వేసుకోవడం మంచిది.

ఈ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఫోన్ల విషయానికొస్తే, అప్‌డేట్ తర్వాత ఫోన్లు నెమ్మదించాయన్న ఫిర్యాదులపై ఇటలీ 2018లో ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది.

అప్‌డేట్ వేసే ముందు ఫొటోలు, కాంటాక్ట్స్ బ్యాకప్ తీసుకోండి. చార్జింగ్ సగానికి పైగా ఉండాలి. కర్నూలు, కడప ఎండల్లో మధ్యాహ్నం పూట ఫోన్ ఎలాగూ వేడెక్కుతుంది, పెద్ద అప్‌డేట్‌లను రాత్రికి పెట్టుకోండి.

పూర్తిగా ఆపేస్తే ఏమవుతుంది?

ప్రభుత్వ సేవలు ఇప్పుడు ఫోన్‌లోకే వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో (9552300009) ప్రారంభించింది. అదే జనవరిలో పాత ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం ఆగిపోయింది. యూపీఐ, బ్యాంకు యాప్‌లు కూడా పాత వెర్షన్‌లో కొంతకాలమే తెరుచుకుంటాయి. అప్‌డేట్‌ను వాయిదా వేయవచ్చు గానీ, ఎప్పటికీ వద్దనుకుంటే సేవలు దూరమవుతాయి.

సెక్యూరిటీ ప్యాచ్ అయితే వాయిదా కూడా వద్దు. వచ్చిన వారంలోపే వేసుకోండి.

అప్‌డేట్ ద్వారా ప్రభుత్వ యాప్ పంపవచ్చా?

ఈ ప్రశ్న 2025లోనే వచ్చింది. ప్రతి కొత్త ఫోన్‌లో ‘సంచార్ సాథీ’ యాప్ ముందే ఉండాలని, అప్పటికే తయారైన ఫోన్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా పంపాలని టెలికాం శాఖ నవంబరు 28న కంపెనీలను ఆదేశించింది. వ్యక్తిగత గోప్యతపై పెద్ద ఎత్తున అభ్యంతరాలు రావడంతో డిసెంబరు 3న ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయడానికి ఆ యాప్ ఉపయోగపడుతుంది. వేసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

నకిలీ ‘అప్‌డేట్’తో అసలు ప్రమాదం

మోసగాళ్లకు కూడా అప్‌డేట్ అన్న మాట బాగా పనికొస్తోంది. బ్యాంకు, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపుతున్నారు. అలాంటి ఫైల్ ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మీ ఓటీపీలు వాళ్లకు చేరతాయి. నిజమైన అప్‌డేట్ ప్లే స్టోర్, యాప్ స్టోర్ లేదా ఫోన్ సెట్టింగ్స్ నుంచే వస్తుంది. మెసేజ్‌లో లింక్‌గా వచ్చిన దాన్ని నమ్మకండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

అప్‌డేట్ వల్ల ఫోన్ పాడైతే?

ముందు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, జాబ్ షీట్‌లో ‘అప్‌డేట్ తర్వాత సమస్య’ అని రాయించుకోండి. తేదీ, వెర్షన్ నంబరు స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. వారంటీ అయిపోయిందంటే వెంటనే వదిలేయకండి. స్క్రీన్‌పై ఆకుపచ్చ గీత వచ్చిన కొన్ని మోడళ్లకు వన్‌ప్లస్ గతంలో మన దేశంలో ఉచితంగా స్క్రీన్ మార్చింది.

కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అంటే కర్నూలు వాసులు కర్నూలులో, కడప వాసులు కడపలో. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. మీరు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

ఈ ఆదివారం ఇంటికి వెళ్తే పెద్దవాళ్ల ఫోన్ ఒక్కసారి తీసుకుని చూడండి. డయలర్ ఆటో అప్‌డేట్ ఆపండి, సెక్యూరిటీ ప్యాచ్ వేయండి, కాల్ ఎలా ఎత్తాలో వాళ్ల చేతే రెండుసార్లు చేయించండి. పది నిమిషాల పనే.