సేంద్రియం ఎవరి సొత్తు? జహీరాబాద్ చెలకలు, నాంపల్లి బజారు

ఆబిడ్స్, నాంపల్లి దుకాణాల్లో ఇవాళ కొర్రలు, సామలు, పచ్చజొన్నలు అందమైన పాకెట్లలో అమ్ముతున్నారు. పాకెట్ మీద 'సహజం' అనో, 'ఆర్గానిక్' అనో రాసి ఉంటుంది. ఈ గింజలు నిన్నటిదాకా మాలమాదిగ వాడల తిండి. గటక తాగేటోళ్లని, జొన్నరొట్టె తినేటోళ్లని చిన్నచూపు చూసిన సమాజమే ఇవాళ అదే తిండిని ఆరోగ్యం పేరుతో కొనుక్కుంటున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మంచిదే. తిండికి గౌరవం వచ్చింది సరే, ఆ తిండిని కాపాడుకుంటూ వచ్చినోళ్లకు ఏం వచ్చింది? ఈ ప్రశ్న వేయకుండా సేంద్రియ సాగు గురించి మాట్లాడటమంటే దాని కులాన్ని దాచిపెట్టడమే.

నగరంలో 'సహజ జీవనం' అంటే ఒక అర్థం ఉన్నది. చేతిలో డబ్బున్న వాళ్లు ఉద్యోగం మానేసి, ఊరి బయట నాలుగెకరాలు కొనుక్కుని, దేశీ ఆవును కట్టేసుకుని ప్రకృతికి దగ్గరగా బతకడం. వాళ్లది తప్పని మనం అనడం లేదు. అయితే అది ఎంచుకున్న జీవితం. ఎంచుకునే వీలే లేని వాళ్లు, రెండు మూడెకరాల చెలక తప్ప ఇంకేమీ లేని వాళ్లు ఇదే సాగును ఎట్లా నడిపారు? హైదరాబాద్‌కు ముంబై రోడ్డు మీద వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా సంఘాల అనుభవం దీనికి జవాబు చెప్తుంది.

భూమి చేతికొచ్చిన తీరు

పూర్వపు మెదక్ జిల్లాలో, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ 2023లో చనిపోయారు. అయితే ఈ కథలో అసలు మనుషులు సుమారు 75 గ్రామాల్లో సంఘాలు పెట్టుకున్న వేలమంది పేద ఆడవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది దళితులు.

వాళ్ల చేతికి వచ్చిన భూమి ఎట్లాంటిది? తెలంగాణలో ప్రభుత్వం పేదలకు ఇచ్చే భూమిని లావణి పట్టా అంటారు. చాలాచోట్ల అది రాళ్లూ రప్పలూ ఉన్న ఎర్రచెలక. ఎవరికీ పనికిరానిదే దళితులకు దక్కింది. పేరుకు పట్టా ఉన్నా ఎడ్లు లేవు, విత్తనం లేదు, పెట్టుబడి లేదు. అందుకే భూమి బీడు పడింది, మనుషులు పటేళ్ల పొలాలకు కూలికి పోయారు. సంఘాలు మొదట ఈ బీళ్ల మీదనే చెయ్యి పెట్టాయి. రాళ్లు ఏరారు, కట్టలు పోశారు, చెరువు మట్టి తోలారు.

రెండో మార్గం కౌలు. కొందరు ఆడవాళ్లు కలిసి భూమి కౌలుకు తీసుకుని సాగు చేశారు. మూడోది కొనుగోలు. షెడ్యూల్డ్ కులాల కార్పొరేషన్ పథకం కింద సగం గ్రాంటు, సగం ఇరవై ఏళ్లలో తీర్చే అప్పు. మనిషికి సుమారు ఎకరం చొప్పున ఎవరి పేరు మీద వాళ్లకు రాయించుకుని, సాగు మాత్రం అందరూ కలిసి చేశారు. ఇందులో రెండు విషయాలు గమనించాలి. పట్టా ఆడమనిషి పేరు మీద ఉంది కాబట్టి మగవాడు తాగి అమ్ముకోలేడు. సాగు ఉమ్మడిది కాబట్టి ఒక్కామెకు ఎడ్లు లేకపోయినా పొలం పడావు పడదు. కుటుంబ వ్యవసాయం అనే మాటకు ఇక్కడ అర్థం మారింది. కుటుంబమంటే ఒక్క ఇల్లు కాదు, సంఘం కూడా.

ఒక్క ఎకరంలో ఏం జరుగుతది

పుస్తకాల్లో మిశ్రమ సాగు అని రాస్తారు. జహీరాబాద్ చెలకల్లో ఒక్క ఎకరంలో పది, పన్నెండు, ఒక్కోసారి ఇరవై రకాలు కూడా వేస్తారు. జొన్న, కంది, పెసర, మినుము, బెబ్బర్లు, కొర్ర, సజ్జ, నువ్వులు, పుంటికూర, ఇట్లా. ఇది ఇష్టమొచ్చినట్టు చల్లడం కాదు, దీనికొక లెక్క ఉన్నది. పెసర, మినుము రెండు మూడు నెలల్లో చేతికొస్తాయి. జొన్న ఆ తర్వాత వస్తుంది. కంది నిదానంగా పెరిగి అందరికంటే ఆఖరున వస్తుంది. అంటే ఇంట్లో గింజ ఒకేసారి వచ్చి ఒకేసారి అయిపోదు. కంది వేరు లోతుకు పోతుంది, జొన్న వేరు పైన పరుచుకుంటుంది, ఒకదాని నీళ్లు ఒకటి గుంజుకోవు. పప్పుజాతి మొక్కల వేళ్ల మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి భూమికిస్తాయి, కంది రాల్చిన ఆకు ఎరువైతది. వాన ఆలస్యమై ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది.

యాసంగిలో నల్లరేగడిలో వేసే తెల్లజొన్న, శనగ, కుసుమ లాంటి వాటిని వాళ్లు 'సత్యం పంటలు' అంటారు. భూమిలో మిగిలిన తేమతోనూ, చలికాలపు మంచుతోనూ పండే పంటలివి. బావి అడగవు, కరెంటు అడగవు, యూరియా అడగవు.

ఇంకొక విషయం పట్నం వాళ్లకు అసలే తెలియదు. పొలంలో ఎవరూ వేయకుండా మొలిచే ఆకుకూరలు, జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలి లాంటివి, పేదింటి కూరగాయలు. వ్యవసాయ శాఖ భాషలో అవి కలుపు. కలుపుమందు కొడితే చచ్చేది ఆ కూరే. భూమి లేని ఇల్లాలు కూడా పరుల చేలో ఏరుకుని వండుకోగలిగే కూర అది. కాబట్టి మందు కొట్టకపోవడం ఇక్కడ ఆరోగ్యపు ముచ్చట ఒక్కటే కాదు, భూమి లేనోళ్ల తిండి హక్కు కూడా.

కష్టం లేదని కాదు. కలుపు తీయడం, ఎరువు మోయడం, కోత, నూర్పిడి ఎక్కువగా ఆడవాళ్ల నడుము మీదనే పడతాయి. ఎకరంన్నరతో ఇల్లు మొత్తం గడవదు. చెరకు, ఆలుగడ్డ పొలాల్లోకి కూలికి పోవడం తప్పదు. అయినా ఇంట్లో ఆరునెలల గింజ ఉన్న కూలిమనిషి, రేపటికి గింజ లేని కూలిమనిషి ఒకటి కాదు. మొదటి మనిషి కూలి ఎంతని అడగగలదు. రెండో మనిషి ఇచ్చింది తీసుకోవాల్సిందే. ఈ సాగులో ఉన్న ఆత్మగౌరవం అదే.

విత్తనం, గింజ

వెట్టి రోజుల్లో దొర ఇంటి గాదె ముందు నిలబడి విత్తనం అడుక్కున్న చరిత్ర మన తాతలది. తర్వాత విత్తనం దుకాణానికి మారింది, నిలబడటం మాత్రం మారలేదు. సంఘాలు ఊరూరా విత్తన నిధులు పెట్టుకున్నాయి. తీసుకున్న దానికి రెట్టింపు పంట చేతికొచ్చినాక తిరిగి ఇవ్వాలి, డబ్బు ప్రసక్తి లేదు. బూడిద, వేపాకు కలిపి, పెండతో అలికిన బుట్టల్లో దాచుతారు. ఏ గింజకు ఏ కాపలా కావాలో తెలిసినోళ్లు చదువురాని ఆడవాళ్లే. పాత పంటల జాతర పేరుతో ప్రతి ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద ఈ విత్తనాల్ని ఊరూరా తిప్పుతారు. ఒకప్పుడు ఊరి నడిబజారులో చెప్పులు విడిచి నడవాల్సి వచ్చిన వాళ్ల బండి ముందు ఇవాళ డప్పు మోగుతూ పోతుంటే దాని అర్థం వేరే చెప్పనక్కర లేదు.

గింజ సంగతి రేషన్‌తో ముడిపడి ఉన్నది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదల కడుపు నింపింది, ఆ మాట కాదనలేం. అయితే ఆ బియ్యం నీళ్లున్న జిల్లాల్లో, నీళ్లున్న కులాల పొలాల్లో పండింది. చెలకల జొన్నకు కొనేవాడు లేకుండా పోయాడు, చెలకలు పడావు పడ్డాయి. 1995 తర్వాత కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సంఘాలు సొంత రేషన్ నడిపాయి. సుమారు 30 గ్రామాల్లో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీళ్లు దున్నించారు. పెట్టుబడిని అప్పుగా ఇచ్చారు, అప్పును కొన్నేళ్లలో జొన్నల రూపంలోనే వసూలు చేశారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలువచేసి, పనులు దొరకని రోజుల్లో పేదింటికి తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేద, ఎవరు మరీ పేద అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకున్నారు. నాంపల్లి నుంచి లారీ వచ్చేదాకా ఎదురుచూడని రేషన్ అది.

ఆవు, పెండ, శుద్ధి

ఇప్పుడు సేంద్రియ సాగు ప్రచారంలో ఎక్కువ వినిపించేది సుభాష్ పాలేకర్ పద్ధతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2015-16 ప్రాంతంలో ఆ పేరుతోనే కార్యక్రమం మొదలుపెట్టి, తర్వాత ప్రకృతి వ్యవసాయంగా విస్తరించింది. ఎకరానికి జీవామృతం చేయాలంటే 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పెండ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, పిడికెడు మట్టి కావాలి. దీని లోపలి పని సూక్ష్మజీవులది. బెల్లం, పిండి వాటి తిండి. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ ఆవును దేవతను చేసేచోట వస్తుంది. మందులేని తిండితో పాటు శాకాహారం, సాత్వికం, శుద్ధి అనే మాటలు వెంట వస్తాయి. పెద్దకూర తినే వాడ మనిషి అప్పుడు సహజ జీవనానికి బయటివాడై పోతాడు. కొట్టం ఊడ్చి పెండ ఎత్తిన చేతులు, చచ్చిన గొడ్డును మోసిన భుజాలు ఎవరివో మాత్రం ఎవరూ అడగరు. పశువుతో పుట్టుక నుంచి తోలు దాకా బంధం ఉన్న కులాలకు పశువు గురించి పాఠం చెప్పడం అన్యాయం. మట్టికి మేకల మంద ఎరువు, బర్రె పెండ, చెరువు పూడిక కూడా ఎరువులే. దేశీ ఆవు లేని దళిత కుటుంబం సేంద్రియ సాగు చేయలేదన్నది శాస్త్రమూ కాదు, అనుభవమూ కాదు.

అంబేద్కర్‌ను పక్కన పెట్టి మాట్లాడలేం

మన మిత్రులు కొందరు ఒక అభ్యంతరం చెప్తారు. అంబేద్కర్ ఊరిని నమ్మలేదు, ఊరు దళితుడికి బందిఖానా అన్నాడు, మీరు మళ్లీ మట్టి అంటారేమిటి అని. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. పిల్లలు చదువుకుని ఆబిడ్స్‌లో, అమెరికాలో ఉద్యోగం చేయాలి. చెలక పేరు చెప్పి వాళ్లను ఊరికి కట్టేస్తే అది కూడా వర్ణధర్మమే అవుతుంది.

అయితే అంబేద్కర్ భూమి ప్రశ్నను వదల్లేదు. 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాశాడు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదని, దాని మీద పెట్టగలిగే పెట్టుబడి, పనిముట్లతో కలిపి చూడాలని వాదించాడు. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో భూమిని ప్రభుత్వం తీసుకుని, కులభేదం లేకుండా సమష్టి వ్యవసాయానికి ఇవ్వాలని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన అమలు కాలేదు. సంఘాల ఉమ్మడి సాగు అంత పెద్దది కాదు గాని, ఊళ్లో ఉండాల్సి వచ్చిన వాళ్లు పటేలు గడప తొక్కకుండా బతికే దారి అది. ఊరు విడిచే హక్కు ఎంత ముఖ్యమో, ఊళ్లో తలెత్తుకుని ఉండే హక్కూ అంతే ముఖ్యం.

అడ్డంకులు ఎక్కడున్నాయి

2019లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2008 నుంచి మాచనూరులో దళిత మహిళలు సొంత రేడియో నడుపుతున్నారు. ఇన్ని జరిగినా అడ్డంకులు అట్లనే ఉన్నాయి.

ఒకటి, అప్పు. పంట రుణానికి ఎకరానికి ఇంతని పంటవారీగా లెక్క కడతారు. ట్రూప్ బజారులోని రాష్ట్ర సహకార బ్యాంకు మొదలు ఊళ్లోని సొసైటీ దాకా ఇదే పద్ధతి. పన్నెండు పంటలున్న ఎకరం ఆ కాగితంలో ఏ గడిలోనూ పట్టదు. పత్తి ఒక్కటే వేస్తే పడుతుంది.

రెండు, సర్టిఫికెట్. 2001లో వచ్చిన జాతీయ సేంద్రియ ప్రమాణాల కింద బయటి సంస్థ తనిఖీ చేయాలి, ఖర్చు రైతుది. రైతులే ఒకరి పొలం ఒకరు చూసుకుని హామీ ఇచ్చే పీజీఎస్ పద్ధతి మన సంఘాలకు దగ్గరిది. నేరుగా తినేవాళ్లకు అమ్ముకునే చిన్న ఉత్పత్తిదారుకు ఆహార భద్రతా సంస్థ నిబంధనల్లో సర్టిఫికెట్ నుంచి మినహాయింపు కూడా ఉన్నది. ఈ సంగతి తెలియక దళారికి అమ్ముకునే వాళ్లే ఎక్కువ.

మూడు, అన్నిటికన్నా పెద్దది, భూమి. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల్లో 12 వేల ఎకరాలకు పైగా భూమిని జాతీయ పెట్టుబడుల ఉత్పాదక మండలి, అంటే నిమ్జ్, కోసం తలపెట్టారు. 2016లో దానికి కేంద్రం ఆమోదం వచ్చింది. లావణి పట్టా అమ్ముకోవడానికి 1977 చట్టం ఒప్పుకోదు. అదే భూమిని ప్రభుత్వం తీసుకోవాలంటే మాత్రం ఆ పట్టా బలహీనమైన కాగితమైతది. ముప్పై ఏళ్లు రాళ్లు ఏరి, మట్టి తోలి బాగుచేసిన చెలకను బీడు భూమి అని రాసేస్తే, ఆ శ్రమకు లెక్క ఎవరు కడతారు?

కాబట్టి సేంద్రియ సాగు గురించి మాట్లాడే కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు ముందు అడగాల్సినవి మూడు ప్రశ్నలు. భూమి ఎవరి పేరు మీద ఉంది? విత్తనం ఎవరి ఇంట్లో ఉంది? అమ్మగా వచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతున్నది? ఈ మూడింటికీ జవాబు దళిత ఆడమనిషి పేరైనప్పుడు అది సహజ వ్యవసాయం. కాకపోతే అది పాత దొరతనమే. యూరియా వాడని దొరతనం, అంతే తేడా.