మంజీర ఒడ్డు నుంచి మంచు కొండల దాకా!

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. తెల్లారుజామున వరిచేల మీద మెరిసేదీ మంచే. పోచారం అడవి దారిలో బండి లైటుకు అడ్డుపడేదీ మంచే. హిమాలయాల మీద మోకాల్లోతున పేరుకునేదీ మంచే. మెదక్ పట్టణానికి మొదటి రెండూ బాగా తెలుసు. చలికాలంలో పాదరసం పది డిగ్రీల దిగువకు జారిన రోజున పత్రికల్లో ఊరిపేరు కూడా వస్తుంది. మూడోదాన్ని మాత్రం క్రిస్మస్ పండక్కి పశువుల పాక బొమ్మ మీద దూదిరూపంలో చూడాల్సిందే!

అలాంటి ఊళ్లో కూర్చుని వింటర్ ఒలింపిక్స్ చూడటమేంటి? క్రికెట్ స్కోరు అడిగితే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు కానీ, మంచు మీద జారే ఆటల గురించి ఎవరికి పట్టింది? పైగా మనదేశం 1964లోనే వెళ్లడం మొదలుపెట్టింది, ఒక్క పతకమైనా తేలేదు. మరి అభిమానించడానికి ఏముందక్కడ?

చాలా ఉంది. కాకపోతే దాన్ని పతకాల పట్టికలో వెతక్కూడదు. పట్టిక అడుగున, ముప్ఫయ్యో స్థానంలోనో నలభై అయిదో స్థానంలోనో వెతకాలి.

చర్చికీ ఆటలకూ ఒకటే వయసు

మెదక్‌కీ ఈ పోటీలకీ ఓ చిత్రమైన పోలిక ఉంది. మొట్టమొదటి వింటర్ ఒలింపిక్స్ 1924 జనవరి 25న ఫ్రాన్స్‌లోని షామొనీలో మొదలయ్యాయి. వచ్చింది పదహారు దేశాలే. అదే ఏడాది డిసెంబరు 25న మెదక్ చర్చికి ప్రతిష్ఠ జరిగింది. కరవు రోజుల్లో జనానికి పని కల్పించి, తిండి పెట్టాలని రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన ఆ కట్టడం పదేళ్లకు పూర్తయింది. అంటే ఊరి గుర్తుగా నిలిచిన గోపురమూ, మంచు ఆటల పండగా ఒకే ఏడాదివి. 2024లో రెండింటికీ వందేళ్లు నిండాయి.

ఇంకో పోలిక కూడా ఉంది. ఈ ఆటలు నాలుగేళ్లకోసారి ఫిబ్రవరిలో వస్తాయి. మంజీర ఏడు పాయలుగా చీలేచోట వనదుర్గమ్మ సన్నిధిలో ఏడుపాయల జాతర మొదలయ్యేది శివరాత్రికే. అందుకే రెండూ తరచూ కలిసిపోతుంటాయి. 2006లో శివరాత్రి నాడే ఇటలీలో ట్యురిన్ ఆటలు ముగిశాయి. 2010లో శివరాత్రి రోజునే కెనడాలోని వ్యాంకూవర్‌లో ఆరంభ వేడుక జరిగింది. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ ఆటల మధ్యలో జాగారం వచ్చింది. 2026లోనూ అంతే. మిలాన్-కోర్టినా ఆటల తేదీలు ఫిబ్రవరి 6 నుంచి 22. శివరాత్రి 15న!

శివరాత్రి సరే, శివుడి పేరున్న ఆటగాడు కూడా ఒకరున్నారు. మన మంచు ఆటల కథంతా దాదాపు ఆయన చుట్టూనే తిరిగింది.

ఒక్కడే... ఆరుసార్లు

శివ కేశవన్‌ది మనాలీ దగ్గరి వశిష్ఠ్ గ్రామం. తండ్రిది కేరళ. తల్లిది ఇటలీ. ఆయన ఎంచుకున్న ఆట పేరు ల్యూజ్. చక్రాల్లేని చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, గడ్డకట్టిన మంచు కాలువలోంచి దూసుకెళ్లడమే ఆ ఆట. వేగం గంటకు 130 కిలోమీటర్లు దాటుతుంది. బ్రేకులుండవు. తిప్పాలంటే పిక్కలతో నొక్కాలి, భుజం వంచాలి. తల ఎత్తి దారి చూశామంటే గాలి తగిలి వేగం తగ్గుతుంది. అందుకే దారంతా కంఠతా పట్టాల్సిందే.

మనదేశంలో ల్యూజ్ ట్రాక్ లేదు. మరి సాధన? బండికి చక్రాలు బిగించుకుని హిమాలయాల ఘాట్ రోడ్ల మీదే! ఎదురుగా లారీలు వస్తుంటాయి, గొర్రెల మందలు అడ్డుపడుతుంటాయి. వాటి పక్కనుంచి పడుకునే తప్పుకుని పోవాలి. అలా నేర్చుకున్న కుర్రాడు 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు వయసు పదహారేళ్లు. వచ్చిన స్థానం 28. ట్యురిన్‌లో 25వ స్థానం దాకా వెళ్లాడు. 2002లో సాల్ట్‌లేక్ సిటీకి మనదేశం నుంచి వెళ్లింది ఆయన ఒక్కడే.

వ్యాంకూవర్‌కు ముందు కొత్త బండి కొనడానికి డబ్బుల్లేకపోతే సుప్రీంకోర్టు న్యాయవాదులు కొందరు చందాలు వేసుకుని సాయం చేశారు. ఆ వ్యాంకూవర్‌లోనే ఆరంభ వేడుకకు కొన్ని గంటల ముందు జార్జియా ఆటగాడు నోదర్ కుమారితాష్విలీ సాధన చేస్తూ ట్రాక్ మీంచి ఎగిరిపడి చనిపోయాడు. అదే ట్రాక్ మీద, అదే బరువైన రోజుల్లో శివ కూడా పడుకుని కిందికి దూసుకెళ్లాడు. మర్నాడు ఫలితాల్లో కనిపించేది ఒక అంకె మాత్రమే. ఆ అంకె వెనక ఏముందో తెలిసినవాళ్లే అభిమానులు.

జెండా లేకుండా పరుగు

2014లో రష్యాలోని సోచి. ఎన్నికల వివాదంతో భారత ఒలింపిక్ సంఘాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2012 డిసెంబరులోనే సస్పెండ్ చేసింది. దాంతో మన ఆటగాళ్లకు సొంత జెండా లేదు. అయిదు వలయాల ఒలింపిక్ జెండా కిందే ఆడాలన్నారు.

సాధన సమయంలో శివ బండి మీంచి జారిపోయాడు. ఆ వేగంలో బండి వదిలేస్తే ఎముకలు మిగలవు. మంచు మీద ఈడ్చుకుపోతూనే చేతికందిన బండిని పట్టుకుని, మళ్లీ దానిమీదికెక్కి గమ్యం చేరాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అసలు పోటీ 8, 9 తేదీల్లో జరిగింది. నిషేధం ఎత్తేసింది 11న! రెండంటే రెండు రోజుల తేడా. తర్వాత పోటీపడిన హిమాంశు ఠాకూర్, నదీమ్ ఇక్బాల్‌లకు మువ్వన్నెల జెండా దక్కింది. శివకు మాత్రం పోటీలో ఆ భాగ్యం దక్కలేదు, ముగింపు వేడుకలో జెండాను చూసుకోవాల్సి వచ్చింది.

2018లో ప్యాంగ్‌చాంగ్‌లో 34వ స్థానంతో ఆయన ఆట ముగించాడు. ఆరు ఒలింపిక్స్, ఇరవయ్యేళ్లు. 2020లో అర్జున అవార్డు వచ్చింది. పతకం గెలిచినవాళ్లకు చప్పట్లు కొట్టడం తేలికే. పతకం రాదని తెలిసీ ఇరవయ్యేళ్లు కొండెక్కి దిగినవాడికి చప్పట్లు కొట్టాలంటే మాత్రం కాస్త ఓపిగ్గా చూడాలి.

చూడాలా, వద్దా?

2022 నాటికి తెలంగాణ ఇళ్లలో ఈ ఆటల గురించి ఇంకో ప్రశ్న లేచింది. ఆతిథ్యం బీజింగ్‌ది. అంతకు రెండేళ్ల ముందు, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మనవాళ్లు ఇరవై మంది అమరులయ్యారు. వాళ్లను ముందుండి నడిపిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు.

ఆ ఘర్షణలో గాయపడిన చైనా అధికారి చీ ఫాబావో చేతికి బీజింగ్ ఒలింపిక్స్ జ్యోతినిచ్చారు నిర్వాహకులు. మరుసటి రోజే, ఫిబ్రవరి 3న, ఆరంభ, ముగింపు వేడుకలకు మన దౌత్యాధికారులు వెళ్లరని భారత ప్రభుత్వం ప్రకటించింది. ఆ రెండు వేడుకల్నీ ప్రత్యక్ష ప్రసారం చేయబోమని దూరదర్శన్ చెప్పింది.

కానీ, ఆ వేడుకలో జెండా పట్టుకుని నడిచిన ఒక్కగానొక్క భారత ఆటగాడి సంగతో? పేరు ఆరిఫ్ మహమ్మద్ ఖాన్. ఊరు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్. తండ్రికి అక్కడ స్కీయింగ్ సామాన్ల దుకాణం ఉంది. సాధన కోసం పెళ్లిని కూడా వాయిదా వేసుకున్నాడు. ఒకే వింటర్ ఒలింపిక్స్‌లో రెండు పోటీలకు అర్హత సాధించిన తొలి భారతీయుడు అతనే. ఆరంభ వేడుకలో అతను ఒంటరిగా నడుస్తుంటే దూరదర్శన్‌లో చూసే అవకాశం మనకు లేకపోయింది. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. స్లాలమ్‌లో గమ్యం చేరలేకపోయాడు.

సంతోష్‌బాబును తలచుకుని టీవీ కట్టేసినవాళ్ల బాధ న్యాయమైనదే. ఆరిఫ్ కోసం ఫోన్లో ఫలితం వెతికినవాళ్ల ఆరాటమూ అంతే న్యాయమైనది. ఇద్దరూ చూసుకున్నది ఒకే జెండాని. ఒకే ఇంట్లో ఆ రెండూ ఉండొచ్చు.

ఆట అర్థమైతేనే అందం

అభిమానం పెరగాలంటే ముందు ఆట అర్థం కావాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలంటే వీటితో మొదలుపెట్టొచ్చు.

కర్లింగ్: క్యారమ్స్ ఆడినవాళ్లకు వెంటనే నచ్చుతుంది. దాదాపు ఇరవై కిలోల గ్రానైట్ రాయిని మంచు మీద నెమ్మదిగా జారవిడుస్తారు. అది వలయం మధ్యలో ఆగాలి, వీలైతే అవతలివాళ్ల రాయిని బయటికి నెట్టాలి. ముందు ఇద్దరు చీపుళ్లలాంటి వాటితో గబగబా తుడుస్తుంటారు. అది ఊడవడం కాదు. ఆ రాపిడికి మంచు పైపొర కాస్త వేడెక్కి రాయి ఇంకొంచెం దూరం సాగుతుంది.

బయాథ్లాన్: ఆయాసంతో మంచు మీద జారుకుంటూ వచ్చి, ఊపిరి బిగబట్టి తుపాకీతో అయిదు గురులు కొట్టాలి. చాలా పోటీల్లో గురి తప్పిన ప్రతిసారీ 150 మీటర్లు అదనంగా తిరగాలి. గుండె దడదడా కొట్టుకుంటుంటే వేలు వణక్కూడదు. అదే పరీక్ష.

షార్ట్ ట్రాక్ స్కేటింగ్: చివరి మలుపు దాకా ఎవరిదో చెప్పలేం. 2002 సాల్ట్‌లేక్ సిటీలో వెయ్యి మీటర్ల ఫైనల్లో ముందున్న నలుగురూ ఒకరిమీదొకరు పడిపోయారు. అందరికంటే వెనకున్న స్టీవెన్ బ్రాడ్‌బరీ తాపీగా దాటేసి ఆస్ట్రేలియాకు స్వర్ణం తెచ్చాడు.

ల్యూజ్: ఇందులో సెకనును వెయ్యి ముక్కలు చేసి లెక్కిస్తారు. నగానోలో మహిళల విభాగంలో స్వర్ణానికీ రజతానికీ తేడా 0.002 సెకను. నాలుగు పరుగులు కలిపినా అంతే! కంటిరెప్ప వాల్చేలోపు ఇలాంటివి డజన్లకొద్దీ గడిచిపోతాయి.

సమయం సంగతి కూడా తెలిసుండాలి. ఐరోపాలో జరిగితే మనకు హాయి. శీతాకాలంలో ఇటలీ, ఫ్రాన్స్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అక్కడ ఉదయం పదింటికి మొదలయ్యే స్కీయింగ్ మనకు మధ్యాహ్నం రెండున్నరకి. అక్కడి రాత్రి ఏడు మనకు పదకొండున్నర. అదే కెనడా పశ్చిమ తీరమైతే సాయంత్రం పోటీలు మనకు మర్నాటి పొద్దుటి కాఫీ వేళకు వస్తాయి. పోటీ చూడలేకపోయినా ఫలితాలన్నీ ఒలింపిక్స్ అధికారిక వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మనవాళ్ల కోసం జాబితాను కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకుంటే చాలు!

వేడి నేల పిల్లలు

మంచు లేని చోట మంచు ఆటగాళ్లు పుడతారా? జమైకాలో పుట్టారు. సముద్రతీరపు ఎండల్లో పెరిగిన నలుగురు 1988లో కాల్గరీలో బాబ్‌స్లెడ్ నడిపారు. బండి బోల్తా పడితే లేచి, దాని పక్కనే నడుచుకుంటూ గమ్యం దాటారు. ఆ ఏడాది గెలిచినవాళ్ల పేర్లు అడిగితే చెప్పలేనివాళ్లు కూడా ఓడిన ఆ నలుగుర్నీ గుర్తుపెట్టుకున్నారు.

మన దగ్గరా దారి పడుతోంది. చక్రాల స్కేటింగ్‌లో హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. ఐస్ మీద ఫిగర్ స్కేటర్లు చేసే గిరికీలే, కాకపోతే చెక్క నేల మీద. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో తెలంగాణ తరఫున తాళ్లూరి నయనశ్రీ ఐస్ స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచింది. మంచు పడని రాష్ట్రం పేరు మంచు ఆటల విజేతల జాబితాలోకెక్కింది! ఇక, నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో చలికి అలవాటుపడి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికామెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే రోజు శిఖరం మీద ఉన్నాడు.

కొరత చలిది కాదు, వసతులది. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం డెహ్రాడూన్‌లో కట్టిన ఐస్ రింక్ ఏళ్ల తరబడి మూతపడింది. 2025లో మళ్లీ పోటీలకు తెరిచారు. మనకు దగ్గర్లో మంచు కావాలంటే హైదరాబాద్‌లో 2004లో తెరిచిన స్నో వరల్డ్ లాంటిది సరదాకు పనికొస్తుంది. ఆట నేర్చుకోవడానికి మాత్రం పిల్లల్ని ఉత్తరాదికో విదేశాలకో పంపాల్సిందే. అది అన్ని ఇళ్లకూ అయ్యే పని కాదు.

అయినా ఓ పని మాత్రం ఖర్చు లేకుండా చేయొచ్చు. చూడొచ్చు. చూసేవాళ్లుంటేనే టీవీలు చూపిస్తాయి, చూపిస్తేనే స్పాన్సర్లు వస్తారు, వాళ్లొస్తేనే చందాలెత్తే అవసరం తప్పుతుంది. తర్వాతి వింటర్ ఒలింపిక్స్ 2030లో ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో. అందులో మనవాళ్లు ఎంతమంది ఉంటారో, ఎన్నో స్థానంలో వస్తారో తెలియదు. ఒకరే ఉన్నా, చిట్టచివరే వచ్చినా సరే... మంజీర ఒడ్డున ఓ ఇంట్లో పిల్లలు ఆ పేరును గుర్తుపట్టి ‘అదిగో మనవాడు’ అంటే, ఆ ఆటగాడు ఒంటరివాడు కానట్టే!