జూము కటకమును ఎన్నుకొనుట

కెమెరా కొనుట ఒక యెత్తు, దానికి తగిన కటకమును ఎన్నుకొనుట మరియొక యెత్తు. కెమెరాతో వచ్చిన చిన్న కటకముతో కొంతకాలము గడపినవారికి, ముఖ్యముగా పెండ్లిండ్లలో ఛాయాచిత్రములు తీసి జీవించువారికి, త్వరలోనే ఒక ప్రశ్న ఎదురగును. కెమెరా చేసిన సంస్థవారి ఖరీదైన కటకమునకై అప్పు చేయవలెనా? లేక ఇతర సంస్థల కటకములలో ఒకదానితో పని జరుగునా? జరుగుననియే మా అభిప్రాయము. అయితే వానిలో ఏది అనునది ధరల పట్టిక చూచి తేల్చదగినది కాదు.

మొదట రెండు మాటల అర్థము చెప్పుకొందము. కటకము ఎంత విశాలమైన దృశ్యమును పట్టగలదో తెలుపు కొలత నాభ్యంతరము. దీనిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. ఆ అంకె తగ్గినకొలది దృశ్యము విశాలమగును. పెరిగినకొలది దూరపు వస్తువు దగ్గరకు వచ్చును. లోపలి గాజుబిళ్లలను ముందు వెనుకలకు జరుపుచు ఈ కొలతను మార్చుకొనగల కటకమే జూము. నిశ్చలచిత్రములు తీయు 35 మి.మీ. కెమెరాలకు మొదటి జూము కటకము 1959లో వచ్చిన ఫోక్ట్‌లెండర్ వారి జూమార్. దాని పరిధి 36 నుండి 82 మి.మీ. వరకు. నేడు స్టాండర్డు జూము అనగా 24 లేక 28తో మొదలై 70 లేక 75తో ముగియునది. ఒక సభనుండి ఒక ముఖమువరకు దీనితోనే తీయవచ్చును.

టామ్రాన్ సంస్థ 1950లోను, సిగ్మా సంస్థ 1961లోను జపానులో పుట్టినవి. ఇతరుల కెమెరాలకు కటకములు చేయుటతోనే ఇవి పేరు పొందినవి. ఉదాహరణకు పెద్ద సెన్సారు గల సోనీ కెమెరాను తీసికొందము. దానికి మూడు కటకములు మన యెదుట నిలుచును. సిగ్మావారి 28-70 కటకము 2021లో వచ్చినది. బరువు 470 గ్రాములు. టామ్రాన్ వారి 28-75 రెండవ రూపము కూడ 2021 నాటిదే. బరువు 540 గ్రాములు. సిగ్మావారి 24-70 రెండవ రూపము 2024లో వచ్చినది. బరువు సుమారు 740 గ్రాములు. మూడింటి ద్వారము పరిధి పొడవునను ఎఫ్ 2.8 వరకు తెరచుకొనును.

ఈ 2.8 యెందుకు? ఎఫ్ 4 కటకము లోనికి రానిచ్చు వెలుతురు దీనిలో సగమే. ఒకచోట సెకనులో 125వ వంతులో తీయగల చిత్రమునకు, ఎఫ్ 4తో సెకనులో 60వ వంతు కావలసివచ్చును. కదలక కూర్చున్నవారికి అది చాలును. తలంబ్రాలు పోయు చేతులు మాత్రము చెదరిపోవును. కనుక రాత్రి ముహూర్తములలో పనిచేయువారు 2.8ని వదలుకొనరాదు.

ఇక అసలు విషయము. 24కును 28కిని నాలుగు మిల్లీమీటర్లే గదా యని తలంతురు. లెక్క వేసి చూతము. పెండ్లిపీటలకు మూడు మీటర్ల దూరమున నిలిచినవానికి 24 వద్ద నాలుగున్నర మీటర్ల వెడల్పు చిత్రములో పట్టును. 28 వద్ద పట్టునది 3.86 మీటర్లే. తగ్గినది 64 సెంటీమీటర్లు, అనగా ఒక మనిషి నిలుచు చోటు. వధువు ప్రక్కనున్న మేనమామ చిత్రమునకు వెలి యగును. 28తో అదే వెడల్పు రావలెనన్నచో అర మీటరు వెనుకకు జరుగవలెను. పెద్ద కల్యాణమండపములో అది లెక్కలోనిది కాదు. ఇంటిలో జరుగు పెండ్లిలో వెనుక గోడ యుండును. గోడ లేకున్న వీడియో తీయువాని స్టాండు ఉండును.

రెండవ కొసన ఇట్టి చిక్కు లేదు. అదే దూరమున 70 వద్ద పట్టునది 1.54 మీటర్లు, 75 వద్ద 1.44 మీటర్లు. ఒక చిన్న అడుగు ముందుకు వేసినచో ఈ పది సెంటీమీటర్ల భేదము తీరిపోవును. కావున కటకముపైనున్న రెండవ అంకెను చూచి మురియక, మొదటి అంకెనే ఎక్కువ విచారింపవలెను.

అట్లని 24 అందరకును అవసరము కాదు. తెల్లవారుజామున స్నాతకముతో మొదలై అప్పగింతలవరకు కెమెరాను మోయువానికి 740 గ్రాములకును 470కిని గల భేదము మణికట్టు చెప్పును. సిగ్మా 28-70లో తేలికదనము కొరకు కొంత విడిచిరి. నీటితుంపర, దుమ్ము చొరకుండు ఏర్పాటు కెమెరాకు తగిలించు చోట మాత్రమే కలదు. టామ్రాన్ లో తేమనుండి రక్షణ యెక్కువ, ఫోకసును జరుపు మోటారు చురుకైనది. చేతి వణుకును సరిదిద్దు ఏర్పాటు ఈ మూడింటిలోను లేదు. అది కెమెరాలోనే ఉండవలెను. ఇతర సంస్థల కటకములన్నియు తేలికయనియు తలపరాదు. సోనీవారి సొంత 24-70 రెండవ రూపము 695 గ్రాములే.

చిన్న సెన్సారు కెమెరా గలవారు అంకెలను ఒకటిన్నరతో హెచ్చించుకొనవలెను. సిగ్మావారి 18-50 అపుడు 27తో మొదలైనట్లగును. బరువు 290 గ్రాములు. టామ్రాన్ వారి 17-70 ఇరువది యైదున్నరతో మొదలగును. బరువు 525 గ్రాములు. ఇక్కడను పరీక్ష అదియే.

కొనుటకు ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆ కటకము మీ కెమెరాకు అమరునా యని చూడవలెను. సోనీవారు తమ మౌంటు వివరములను 2011లోనే ఇతరులకు ఇచ్చిరి. కానన్ వారి ఆర్ఎఫ్ మౌంటునకు సిగ్మా, టామ్రాన్ సంస్థలు అనుమతితో కటకములు ప్రకటించినది 2024లో. అవియును చిన్న సెన్సారునకు మొదలైనవే. రెండు, ఒకే రకపు కటకములైనను ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఉండవచ్చును. వార్తాపత్రిక పుటలను గోడపై చదునుగా అంటించి, ద్వారమును పూర్తిగా తెరచి, జూము రెండు కొసలందును చిత్రము తీయుడు. నాలుగు మూలలందును అక్షరములు ఒకే తీరున కనబడవలెను. ఒక మూల మసకబారినచో దానిని మార్చి యిమ్మని అంగడివానిని అడుగుడు.

తుది నిర్ణయమునకు మేము చెప్పగల ఉపాయము సులభమైనది. ప్రతి డిజిటల్ చిత్రముతోపాటు దానిని తీసిన నాభ్యంతరము నమోదగుచుండును. గడచిన సంవత్సరమున మీరు తీసిన చిత్రములను కంప్యూటరులో తెరచి, ఎన్ని మీ కటకపు విశాలమైన కొసనే తీసినవో లెక్కింపుడు. సగమునకు పైగా అక్కడనే తీసియుండినచో, బరువునకు వెరవక 24 కొనుడు. అవి కొలదియే యైనచో 28తో మొదలగునది చాలును. మిగిలిన సొమ్ము అప్పు తగ్గించుటకు పనికివచ్చును.