పట్టుకోవడమే కాదు, వదలడమూ తెలియాలి

కొన్ని పళ్లే పోయినవారికి అమర్చే, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల సెట్టులో మిగిలిన పన్నును చుట్టి పట్టుకునే లోహపు చెయ్యి క్లాస్ప్. అది ఎంత బిగిస్తే అంత మంచిదని చాలామంది నమ్మకం. నిజానికి సెట్టు కూర్చున్నాక క్లాస్ప్ పన్నును నొక్కనే కూడదు. అనకాపల్లి బెల్లం పాకం లాంటి జిగురు తిండి సెట్టును పైకి లాగినప్పుడు మాత్రమే అది అడ్డుపడాలి. అందుకే దాని కొసను పన్ను ఉబ్బు దాటాక, చిగురు వైపు సన్నబడే చోట దింపుతారు. కోబాల్ట్-క్రోమియం పోత క్లాస్ప్‌కు అక్కడ 0.25 మిల్లీమీటర్ల లోతు చాలు. ఎక్కువ వంగే తీగ అయితే 0.5 దాకా పోవచ్చు. అదే మందంలో చెయ్యి పొడవు రెట్టింపైతే అది ఎనిమిది రెట్లు సులువుగా వంగుతుంది. చిన్న పన్ను మీద పొట్టి, మందపాటి పోత క్లాస్ప్ మొండికేసేది ఇందుకే. పన్నుకు అవతలి వైపు ఎదురు నిలిచే చెయ్యి లేకపోతే, సెట్టు పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ పన్ను పక్కకు తోపుడు తింటుంది.

అసలు చిక్కు కింది దవడలో వెనక పళ్లన్నీ పోయినవారిది. సెట్టుకు ముందు పన్ను ఆధారం, వెనక మెత్తని చిగురే. నమిలినప్పుడు వెనక భాగం దిగుతుంది. పన్ను మీద ఆనే రెస్ట్ వెనక అంచున ఉంటే, దానికి ముందున్న క్లాస్ప్ కొస పైకి లేచి పన్నును మెలిపెడుతుంది. 1963లో అమెరికా దంతవైద్యుడు క్రాటోచ్విల్ రెస్ట్‌ను పన్ను ముందు అంచుకు మార్చమన్నాడు. 1973లో క్రోల్ ఆ పద్ధతికి మెరుగులు దిద్దాడు. ఇందులో చిగురు వైపు నుంచి వచ్చే సన్నని కడ్డీ కొస, నమిలే బరువు పడగానే కిందికి, ముందుకు జారి పన్నును వదిలేస్తుంది. నాకు ఈ వదలడంలోనే అసలైన తెలివి కనిపిస్తుంది.

డిజైన్ కన్నా శుభ్రతే ముఖ్యమనేవారికీ గట్టి ఆధారం ఉంది. స్వీడన్‌లో బెర్గ్‌మన్ బృందం 1982లో ప్రచురించిన పదేళ్ల పరిశీలనలో, క్రమం తప్పకుండా పరీక్షలు చేసి శుభ్రత నేర్పినవారిలో ఆధారపు పళ్లు పెద్దగా దెబ్బతినలేదు. ఒప్పుకోవలసిందే. కానీ ఆ ఫలితం వెనక మాటిమాటికీ పిలిచి చూసిన వైద్యులున్నారు. నక్కపల్లి పక్కనున్న ఉప్మాకలో ఉండే పెద్దాయన దంతవైద్య కళాశాలకు వెళ్లాలంటే విశాఖ ప్రయాణమే. ఏటా అది కుదిరే పని కాదు. వైద్యుడి చూపు ఎంత అరుదైతే, మొదటి రోజు గీసిన డిజైన్ అంత బాధ్యత మోయాలి. ఖర్చు మాటకొస్తే, చవకైన ప్లాస్టిక్ ప్లేటుకైనా తీగ వంచేముందు అచ్చు మీద పన్ను ఉబ్బు ఎక్కడుందో గీసి చూడటానికి కావలసింది కాస్త సమయమే. సెట్టు వదులైందని శ్రావణంతో క్లాస్ప్ బిగిస్తే లోహం అలిసి విరుగుతుంది. చాలాసార్లు వదులుకు కారణం అడుగున దవడ ఎముక అరగడం, దానికి చేయవలసింది సెట్టు అడుగును మళ్లీ నింపించడం.