గాలి మింగిన గొట్టం

కిందటి వేసవిలో మనవరాల్ని వెంటబెట్టుకుని మా మేనల్లుడి మామిడితోటకి వెళ్లాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఆంజనేయస్వామికి ఓ దణ్ణం పెట్టుకుని, నూజివీడు రోడ్డు పట్టుకుంటే ఎంతోసేపు పట్టదు. సెలవులకి చుట్టాల పిల్లలంతా చేరతారని వాడు తోటలో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. దాని అడుగు ఊడవడానికి ఓ క్లీనర్ కూడా కొన్నాడు.

ఆ క్లీనర్‌కి మోటారూ లేదు, కరెంటు తీగా లేదు. ఉన్నదల్లా పొడవాటి గొట్టం. గొట్టం కొసని పూల్ గోడలో పంపు నీళ్లు పీల్చుకునే కంతకి తగిలిస్తారు. పంపు ఆడుతుంటే ఇది నేలకి కరుచుకుని, ఆకూ అలమూ మింగుతూ, టకటకమని తనంతట తానే తిరగాలి. ఇలాంటిదాన్ని 1974లో దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే అనే ఇంజనీరు తయారుచేశాడు. లోపల ఓ రెక్క ఊగుతూ నీటి దారిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పరుగెత్తే నీరు ఠక్కున ఆగినప్పుడల్లా క్లీనర్ ఓ గెంతు గెంతుతుంది. కుళాయి గబుక్కున కట్టేస్తే పైపు దడేల్మంటుందే, అదే దెబ్బ.

మావాడి క్లీనర్ మాత్రం ఓ మూల తేలుతూ నిద్రపోతోంది.

"డబ్బు దండగ అయింది మావయ్యా" అన్నాడు.

"ఉండరా, ముందు జబ్బేమిటో చూడనీ" అని గట్టు మీద కూర్చున్నాను. శుభ్రమైన నీళ్లు పూల్లోకి తిరిగొచ్చే చోట బుడబుడమని బుడగలు. పంపు గాలి మింగుతోందన్నమాట.

నా చిన్నప్పుడు కాలవ గట్టున ఆయిల్ ఇంజను పెట్టి చేలకి నీళ్లు తోడేవాళ్లు. ఇంజను ఎంత మొత్తుకున్నా ఒక్కోరోజు చుక్క పడేది కాదు. అప్పుడు మా నాన్న పేడనీళ్లు కలిపి పంపులో పోసేవాడు. ఆ నీళ్లతో సక్షన్ పైపులో గాలి బయటికి పోయేది, పేడ నలుసులు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు సందుల్ని పూడ్చేవి. పైపు అతుకుల మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టేవాడు. ఆ తరవాత నీళ్లు ధారగా దూకేవి.

"గాలి వస్తే నీళ్లెందుకు రావు తాతయ్యా?" అంది మనవరాలు.

జంక్షన్‌లో కొన్న కొబ్బరిబొండాలు ఉండనే ఉన్నాయి. దాని నోట్లో రెండు స్ట్రాలు పెట్టాను. ఒకటి బొండాంలో, రెండోది బయట గాల్లో. "పీల్చు" అన్నాను. బుగ్గలు లోపలికి పోయాయిగానీ నీళ్లు రాలేదు. రెండోదాని కొస వేలితో మూశాను. గుటకలు పడ్డాయి.

అసలు సంగతేమిటంటే, మనం నీళ్లని లాగం. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువుతో అదుముతూ ఉంటుంది. నోటితోగానీ పంపుతోగానీ గొట్టంలో గాలి పలచబడితే, బయటి గాలి నీళ్లని అందులోకి తోస్తుంది. వేరే కంత ఉంటే గాలే లోపలికి దూరిపోతుంది, ఇక తోపు ఎక్కడిది? 1643లో ఇటలీలో టారిచెల్లి పాదరసం గొట్టంతో ఈ గాలి బరువును కొలిచి చూపించాడు. ఎంత మొనగాడి పంపయినా ఈ పద్ధతిలో నీటిని సుమారు 10 మీటర్లకి మించి ఎక్కించలేదు. గాలి బలం అంతే.

ఈ తేడా మా వైపే కనిపిస్తుంది. జంక్షన్‌కి దక్షిణంగా గుడివాడ వైపు కాలవల కింద మాగాణి. నీళ్లు పైపైనే, గట్టు మీద ఇంజను చాలు. ఉత్తరంగా నూజివీడు వైపు మెరక. బోరులో నీళ్లు లోతున ఉంటాయి. పైనుంచి పీల్చడం కుదరదు కాబట్టి మోటారునే నీళ్లలోకి దించి కిందనుంచి నెట్టిస్తారు.

సరే, పూల్ దగ్గరికొద్దాం. గాలి ఎక్కడ దూరుతోంది? నీళ్లలో మునిగిన చోట చిల్లుంటే నీళ్లే దూరతాయి. గాలి దూరుతోందంటే దొంగ గట్టు మీదే ఉన్నాడు. పంపు ముందుండే చెత్తబుట్ట మూత విప్పితే దాని రబ్బరు వాషర్ ఎండి బీటలు వారింది. కొత్తది వేసి సిలికాన్ గ్రీజు రాశాం. బుట్టలో ఆకులు దులిపాం, ఫిల్టర్ కడిగాం. ఎండకి పూల్ నీళ్లు తగ్గి, కంత సగం గాలినే పీలుస్తోంది. నీళ్లు నింపాం. గొట్టాన్ని నీళ్లలో నిలువునా ముంచి, బుడగలు ఆగేదాకా గాలంతా పోగొట్టాక తగిలించాం.

బుడగలు ఆగాయి. క్లీనర్ కదిలిందిగానీ ముసలాడి నడక.

"పూల్ అడుగున ఇంకో తూము ఉందేమో చూడు" అన్నాను. ఉంది. రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. ఎగువన తూములన్నీ ఎత్తేస్తే శివారు పొలానికి నీరందదని మావాడికి నేను చెప్పాలా? అడుగు తూము వాల్వు బాగా తగ్గించేసరికి టక టక టక మొదలైంది. అయినా క్లీనర్ ఓ చోటే గింగిరాలు కొడుతుంటే, చుట్టచుట్టి దాచిన గొట్టాన్ని ఎండలో తిన్నగా పరిచి మెలిక తీశాం.

ఓ మాట మాత్రం పిల్లలందరికీ గట్టిగా చెప్పాను. అడుగు తూము మీద జల్లెడ మూత ఊడిపోయుంటే ఆ పూల్లో దిగొద్దు. జుట్టో చెయ్యో అందులో చిక్కుకుంటే పెద్దవాళ్లు లాగినా రాదు. గాలీ నీరూ కలిసి అదుముతుంటాయి. ముందు పంపు ఆపాలి.

సాయంత్రం మనవరాలు వాళ్ల మావయ్యకి, అదే మా మేనల్లుడికి, బొండాం తెచ్చిచ్చింది. వాడు ఎంత పీల్చినా సుయ్యిమంటోందేగానీ నీళ్లు సరిగా రావు. "పాడు స్ట్రా" అని పారేయబోయాడు. పైన గుండుసూదితో పొడిచిన నాలుగు చిల్లులు చూపించి, అది గట్టు మీద నాలాగే చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఉండు మావయ్యా, ముందు జబ్బేమిటో చూడనీ."