ఇంటి పక్కన యంత్రాల మోత



మన పావగడ తాలూకాలో ఒకప్పుడు ఇల్లు కట్టడమంటే పార, బాండ్లి, తాపీల చప్పుడే. ఇప్పుడు కాంక్రీటు కలిపే మిక్సరు, బండలు కోసే కట్టరు, గోడ పగలగొట్టే బ్రేకరు వీధిలోకి వచ్చాయి. పని తొందరగా అవుతుంది, కాదనను. కానీ పక్కింట్లో బాలింత, ముసలివాళ్లు, పదో తరగతి పరీక్షకు చదివే పిల్లలు ఉంటారు కదా.

2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించకూడదు. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మోత పుట్టించే కట్టడపు యంత్రాలను ఇళ్ల మధ్య రాత్రివేళ నడపరాదని 2010లో చేర్చారు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ ప్రభుత్వం ప్రకటించిన నిశ్శబ్ద మండలానికీ ఇదే వర్తిస్తుంది.

మేస్త్రీల మాటా వినాలి. వేసవిలో పదకొండు గంటలకే మన బండనేల పెనంలా కాలుతుంది. అందుకే తెల్లవారుజామున నాలుగుకే మిక్సరు తిప్పుతామంటారు. మోల్డింగు మొదలుపెడితే మధ్యలో ఆపలేరు. ఆపితే అతుకు పడి, అక్కడ నీరు దిగుతుంది. వారి ఇబ్బంది నిజమే. అయితే కంకర, ఇసుక దగ్గరకు చేర్చుకోవడం, సెంట్రింగు తడపడం యంత్రం అక్కర్లేని పనులు. వాటిని చీకటితోనే ముగించి, ఆరు దాటాక ఇంజను తిప్పవచ్చు. మోసే చేతులు నాలుగు ఎక్కువైతే ఎండ ముదిరేలోగా పని తెములుతుంది.

ఇక మోత తగ్గించే ఉపాయం. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 7 మీటర్ల దగ్గర 80 ఉంటే, 14 మీటర్ల దగ్గర 74. కనుక మిక్సరును పక్కింటి కిటికీ కింద కాక, స్థలానికి అవతలి మూలన నిలపండి. ఇరుకు సందులో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, అక్కడ దూరం ఒక్కటే చాలదు. దించుకున్న ఇటుకలనే యంత్రానికీ పక్కింటికీ నడుమ గోడలా పేర్చండి. కిటికీలోంచి చూస్తే యంత్రం కనబడనంత ఎత్తు ఉండాలి, సందులు ఉండకూడదు. ఆకుపచ్చ వల దుమ్ముకేగాని మోతకు పనికిరాదు. పగిలిన సైలెన్సరు మార్చి, వదులైన బోల్టులు బిగిస్తే గోల కొంత అక్కడే అణుగుతుంది.

ముందు మేస్త్రీతో నెమ్మదిగా చెప్పి చూడండి. రాత్రిపూట వినకపోతే 112కు ఫోను చేయండి. రోజూ ఇదే తంతయితే జిల్లాధికారికి అర్జీ పెట్టండి. తేదీ, వేళ, ఏ యంత్రమో అందులో ఉండాలి. కన్నడంలో రాస్తే ఆఫీసులో సులువు. మీకు రాయడం రాకపోతే బడికెళ్లే మీ పిల్లలే రాసిపెడతారు.